ఇసుక సంచికి ఇంత రాద్ధాంతమా?

"మూడు ఇసుక సంచులు, ఒక్కొక్కటి 50 పౌండ్లు. పక్క సీట్లో పేర్చి బెల్టు బిగిస్తే సరి. ఏళ్ళ తరబడి రేకు కోసి, రివెట్లు కొట్టి విమానమే కట్టినవాణ్ణి; ఇసుక సంచికి ఇంత రాద్ధాంతమా గురూ?" అని ఈ మధ్య ఒక తెలుగు మిత్రుడు నన్ను నిలదీశాడు. ఆ పూట నోటితో చెప్పిన జవాబు ఆయనకు చాలలేదు. ఆయన చుట్టూ చేరి నవ్విన నలుగురికీ చాలలేదు. కనుక ఇక్కడ విపులంగా రాస్తున్నాను. అవును, ఇంత రాద్ధాంతమూ అవసరమే. ఇంకాస్త ఎక్కువైనా తప్పులేదు.

నేను విమానం కట్టినవాణ్ణి కాను. అమెరికాలో చిన్న విమానాశ్రయాల షెడ్లలో, వారాంతాల్లో, కట్టేవారి పక్కన రివెట్టు వెనక ఇనుప దిమ్మ పట్టుకుని నిలబడేవాణ్ణి. తూకం వేసే రోజున కాగితమూ కలమూ పట్టుకునేవాణ్ణి. పక్కన నిలబడేవాడికి ఒక సదుపాయం ఉంది. కట్టేవాడి తొందర వాడికి ఉండదు.

ఈ వ్యవహారం ఎరుగని చదువరుల కోసం రెండు ముక్కలు. అమెరికాలో సగానికి పైగా పని ఔత్సాహికులే, నేర్చుకోవడానికో సరదాకో చేసిన విమానాన్ని ప్రయోగాత్మక తరగతిలో నమోదు చేయించి ఎగరవచ్చు. 1953లో పాల్ పోబెరెజ్నీ మిల్వాకీలో స్థాపించిన ప్రయోగాత్మక విమాన సంఘం ఈ వ్యాపకానికి పెద్ద దిక్కు. మన దేశంలోనూ ఇది బొత్తిగా లేని సంగతేమీ కాదు. ముంబయిలో అమోల్ యాదవ్ అనే పైలట్ మేడ మీద విమానం కట్టి 2016లో ప్రదర్శనకు పెట్టడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అమెరికాలో అలా కట్టిన విమానం మొదట పరీక్షాకాలం గడపాలి. ఇంజను, పంఖా జతను బట్టి అది 25 గంటలో 40 గంటలో ఉండేది. గంటల లెక్కకు బదులు నిర్ణీత పరీక్షలన్నీ పూర్తిచేసే పద్ధతి కూడా ఇప్పుడు ఉంది. ఆ కాలంలో జనసమ్మర్దం లేనిచోటే ఎగరాలి, ప్రయాణికుణ్ణి ఎక్కించుకోరాదు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. విమానం ఇద్దరి కోసం, ఇద్దరి సామాను కోసం కట్టినది. పరీక్షించేవాడు ఒక్కడు. నిండు బరువుతో అది ఎలా లేస్తుందో, ఎంత వేగంలో పట్టు తప్పుతుందో, బరువు వెనక్కి ఉన్నప్పుడు ముక్కు ఎంత తేలికవుతుందో తెలియకుండా రేపు భార్యనో బిడ్డనో ఎక్కించుకోలేడు కదా. అందుకని మనిషికి బదులు బరువు పెడతారు. ఇంగ్లీషులో దాన్ని బాలస్ట్ అంటారు. మాట ఓడల నుంచి వచ్చింది. ఖాళీ ఓడ ఒరగకుండా అడుగున వేసే రాళ్ళూ ఇసుకా. రైలు పట్టాల కింద పోసే కంకరకూ అదే పేరు. మనవాళ్ళు దీన్ని "చచ్చు బరువు" అనడం విన్నాను. ఆ మాటే కొంప ముంచుతోందని నా అనుమానం. చచ్చినది కదలదు అన్న భరోసా అందులో దాగి ఉంది. నేను "నిలుపుబరువు" అంటాను. నిలపవలసిన బాధ్యత మాటలోనే ఉంటుంది. ఇంతకంటే మంచి మాట ఎవరైనా చెబితే తలవంచి స్వీకరిస్తాను.

బరువు ఎంత అన్నదాని కంటే ఎక్కడ అన్నది ముఖ్యమని మన రైతుకు ఎవరూ బళ్ళో చెప్పనక్కరలేదు. రెండెడ్ల బండిలో బస్తాలు ముందుకు పడితే కాడి ఎద్దుల మెడలు నలిపేస్తుంది. వెనక్కి పడితే కాడి పైకి లేచి మెడతాళ్ళు గొంతులు బిగిస్తాయి. సరిగ్గా పేర్చిన బండి కూడా గట్టు ఎక్కేటప్పుడు, బస్తాలు కట్టి ఉండకపోతే, అవి వెనక్కి జారి అదే పని చేస్తుంది. అందుకే బండి కట్టేవాడు మోకు రెండుసార్లు తిప్పి మరీ బిగిస్తాడు. విమానం గరిమనాభి సంగతీ ఇంతే. తేడా ఒక్కటే: బండి ఆపి, దిగి, బస్తాలు సర్దుకోవచ్చు.

ఇప్పుడు లెక్క. 720 కిలోల విమానం అనుకోండి. సామాను అరలో 36 కిలోల నిలుపుబరువు ఉంది. అది ఒక్క మీటరు వెనక్కి జారితే, 36ని 720తో భాగించగా 0.05. అంటే విమానం మొత్తం గరిమనాభి 5 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. అయిదు సెంటీమీటర్లేగా అనకండి. ఇద్దరు కూర్చునే ఇటువంటి చిన్న విమానంలో గరిమనాభి కదలడానికి అనుమతించిన మొత్తం మేర దాదాపు ఒక జానెడు. ఆ జానెడులో వెనక హద్దుకు 3 సెంటీమీటర్ల దూరంలో పరీక్షిస్తుంటే, సంచి జారిన క్షణాన హద్దు దాటి 2 సెంటీమీటర్లు బయట ఉంటారు. అక్కడ విమానం ఎలా ప్రవర్తిస్తుందో కట్టినవాడికీ తెలియదు, గీసినవాడూ హామీ ఇవ్వలేదు.

ఇంకో సూక్ష్మం చూడండి. నిలుపుబరువు పెట్టేదే విమానాన్ని హద్దు దగ్గరకు తీసుకుపోవడానికి. మామూలు ప్రయాణంలో సామాను కాస్త జరిగితే ఓర్చుకునే జాగా ఉంటుంది. పరీక్షలో ఆ జాగాను మనమే కావాలని ఖర్చు పెట్టేశాం. పైగా సంచి ఎప్పుడు జారుతుంది? నేల మీద పరుగు ఊపందుకున్నప్పుడు, ముక్కు లేచినప్పుడు. అది వెనక్కి జారితే ముక్కు ఇంకా లేస్తుంది. ముక్కు ఇంకా లేస్తే మిగిలిన సంచులూ జారతాయి. నేల ఇంకా వంద అడుగుల దూరంలో కూడా ఉండదు. "జారితే సర్దుకుంటాను" అన్నవాడు ఈ వరసను ఒక్కసారి నింపాదిగా ఊహించుకోవాలి.

ఇది ఊహాగానం కాదు. 2000 అక్టోబరు 10న అమెరికాలోని విచిటాలో ఒక ఛాలెంజర్ 604 విమానం పరీక్ష కోసమే లేచింది. గరిమనాభిని కావాలనే వెనక ఉంచారు. నడిపినవారు వృత్తి నిపుణులు, వెనక పెద్ద తయారీ సంస్థ ఉంది. పరుగు, ఆరోహణల త్వరణానికి ట్యాంకుల్లోని ఇంధనం వెనక్కి ప్రవహించింది. గరిమనాభి వెనక హద్దు దాటింది. పైలట్ ముక్కును మరీ ఎక్కువగా లేపడమూ దీనికి తోడయింది. విమానం పట్టు తప్పింది, కోలుకోవడానికి ఎత్తు లేదు. ముగ్గురు మరణించారు. అక్కడ జారినది ఇసుక కాదు, ఇంధనం. కానీ ముక్కుకు ఆ తేడా తెలియదు.

"వాళ్ళు ఇంధనాన్ని కట్టలేరు, మేం సంచిని కడుతున్నాం కదా, సీటు బెల్టుతో" అంటారు. సరే, కట్టిన బరువు సంగతే చూద్దాం. 2013 ఏప్రిల్ 29న అఫ్ఘానిస్తాన్‌లోని బాగ్రాం నుంచి లేచిన 747 సరుకు విమానంలో అయిదు సైనిక వాహనాలు ఉన్నాయి. పట్టీలతో కట్టే ఉంచారు. కట్టిన తీరు చాలలేదు. కనీసం ఒక వాహనం వెనక్కి జరిగి, హైడ్రాలిక్ వ్యవస్థలను, తోక రెక్కను కదిలించే మరయంత్రాన్ని దెబ్బతీసిందని పరిశోధకులు తేల్చారు. ఏడుగురు పోయారు. విమానాన్ని అదుపు తప్పించింది గరిమనాభి ఒక్కటే కాదు. జరిగిన బరువు చేసిన విధ్వంసం. కట్టామా లేదా అన్నది కాదు ప్రశ్న. ఎంత బలానికి కట్టాం, ఏ దిక్కుకు కట్టాం, తెగితే అది పోయి దేన్ని తగులుతుంది అన్నవి ప్రశ్నలు.

ఈ చివరి ప్రశ్న మన చిన్న విమానాల్లో మరీ ముఖ్యం. చాలా నమూనాల్లో సామాను అర వెనక ఉండేది ఒక పలుచని రేకు. దాని వెనక తోక గొట్టం. ఆ గొట్టం గుండానే ఎలివేటరును తోసే కడ్డీయో తీగలో పోతాయి. సంచి ఆ రేకును చీల్చుకుపోతే రెండు అపకారాలు ఒకేసారి: గరిమనాభి వెనక్కి పోతుంది, దాన్ని ఎదుర్కోవలసిన ఎలివేటరు బిగుసుకుపోతుంది.

ఇక మా మిత్రుడి పక్క సీటు. సీటు బెల్టు మనిషి కోసం పుట్టింది. మనిషికి తుంటి ఎముక ఉంది, భుజాలు ఉన్నాయి. బెల్టు పట్టుకునేది వాటిని. ఇసుక సంచికి ఎముక లేదు. నాలుగు కుదుపులకు ఇసుక సర్దుకుని సంచి చదును అవుతుంది, బిగించిన బెల్టు వదులవుతుంది. గాలిలో ఒక గట్టి కుదుపుకు, సీట్లోంచి మనం లేచిపోతున్నట్టు అనిపించే ఆ అరక్షణంలో, సంచి బెల్టు కింద నుంచి ముందుకు జారుతుంది. ముందు ఏముంది? రెండో స్టిక్. దాని మీద 50 పౌండ్ల సంచి వాలితే, పైలట్ చేతిలో ఉన్న స్టిక్ మీద అదే బరువు వాలినట్టే. రెండూ ఒకే కడ్డీకి కట్టినవి. ఈ ఒక్క సంగతి చెప్పినప్పుడు మాత్రం నవ్విన నలుగురిలో ఇద్దరు నవ్వు ఆపారు.

ఓటో లిలియెంతాల్ పేరు విననివారుండరు. 1890లలో ఆయన తన గ్లైడర్లను నడిపింది దేనితో? కాళ్ళు, నడుము ముందుకూ వెనక్కూ ఊపి, తన ఒంటి బరువును జరిపి. బరువు జరపడమే ఆయన చుక్కాని. 1896 ఆగస్టులో గాలి ఎదురుతిరిగినప్పుడు ఆ చుక్కాని చాలక పడిపోయి చనిపోయాడు. ఈ చరిత్ర నుంచి నాకు తోచేదేమంటే, విమానంలో కదిలే బరువు బరువు కాదు, నియంత్రణ సాధనం. కట్టని సంచి పెట్టుకుని ఎగిరేవాడు తన విమానానికి రెండో చుక్కాని అమర్చి, దాన్ని గాలికి అప్పగిస్తున్నాడు.

ఎదుటివారి వాదనలు మరికొన్ని ఉన్నాయి. "పది నిమిషాల ఎగురుడే, మెల్లగా తిప్పుతాను" అంటారు. మెల్లగా తిప్పడం పైలట్ చేతిలో ఉంది. కుదుపు ఆకాశం చేతిలో ఉంది. ఇంజను ఆగిపోయి పొలంలో దిగవలసి వస్తే అది ఎవరి చేతిలోనూ లేదు. చిన్న విమానాలకు అమెరికా ప్రభుత్వం దశాబ్దాల పాటు అమలు చేసిన నియమాలు, 2017లో తిరగరాయక ముందు, అత్యవసరంగా దిగేటప్పుడు మనుషులు ముందుకు తమ బరువుకు 9 రెట్ల తోపును ఎదుర్కొంటారని లెక్కకట్టమన్నాయి. మనుషులకు తగిలి గాయపరచగల వస్తువులకైతే 18 రెట్లు. మూడు సంచులు కలిపి 68 కిలోలు. 9 రెట్లంటే 612 కిలోలు. 18 రెట్లంటే 1224. "ఇంట్లో కట్టిన విమానానికి ఆ నియమం వర్తించదుగా" అని చట్టం తిరగేసే పండితుడొకడు తప్పకుండా ఉంటాడు. వర్తించదు, నిజమే. సంచికి ఆ విషయం ఎవరు చెబుతారు?

"చేత్తో ఊపి చూశాను, కదల్లేదు" అన్నది ఇంకో వాదన. మనిషి ఆ ఇరుకులో వంగి లాగగల బలం ఎంత? 30, 40 కిలోలు. చేతికి కదిలితే పనికిరాదని రుజువు. చేతికి కదలకపోతే ఏదీ రుజువు కాలేదు. సాగే బంగీ తాళ్ళతో బిగించేవారి గురించి రాయడానికి నాకు ఓపిక లేదు. సాగడమే దాని గుణం.

"అయితే స్నేహితుణ్ణి కూర్చోబెడతాను, వాడు జారడు" అన్న ఘనుడూ ఉన్నాడు. 2014 నుంచి అర్హత గల రెండో పైలట్‌ను షరతులతో తోడు తీసుకుపోయే వీలు కల్పించిన మాట వాస్తవం. అది పైలట్‌కు సాయం కోసం. విమానం పట్టు తప్పే వేగం కనుక్కోవడానికి ఒక ప్రాణాన్ని తూనికరాయిగా వాడడం వేరే విషయం. ఇసుకకు పెళ్ళాం పిల్లలు ఉండరు. ఇసుకను వాడేది అందుకే.

ఇన్ని వాదనల వెనక ఉన్నది, నేను చూసినంతలో, ఒకే ఒక మాట: "తాత్కాలికం". రెక్క శాశ్వతం కనుక దానికి పటం ఉంది, లెక్క ఉంది, ప్రతి రివెట్టునూ ఇంకొకడు తనిఖీ చేస్తాడు. సంచి తాత్కాలికం కనుక దానికి పటం లేదు, లెక్క లేదు, తనిఖీ లేదు. రివెట్టు తల వెంట్రుకవాసి పక్కకు వస్తే డ్రిల్లుతో తీసేసి మళ్ళీ కొట్టే మనిషి, హార్డువేరు దుకాణం నుంచి వచ్చిన సంచిని తూచకుండా సీట్లో పడేస్తాడు. ఆ పూట అది విమానంలో భాగం. రెక్క ఎంత భాగమో అంత.

మరి ఏం చేయమంటావు అని అడగడం న్యాయమే. పెద్ద సంస్థలు ఏం చేస్తాయో ముందు చూడండి. బోయింగు వంటివారు కొత్త విమానాన్ని పరీక్షించేటప్పుడు సీట్లు తీసేసి, గచ్చుకు బిగించిన పీపాల వరసలు అమర్చి, వాటిలో నీళ్ళు నింపి, గొట్టాలతో ముందుకూ వెనక్కూ పంపిస్తూ గరిమనాభిని మారుస్తారు. (ఆ పీపాల ఫొటోలు చూపించి, ఆకాశం నుంచి జనం మీద విషం చల్లుతున్నారని ప్రచారం చేసే మేధావులు లోకంలో ఉన్నారు. నీళ్ళ పీపాకు ఇంతటి ప్రతిష్ఠ వస్తుందని ఎవరనుకున్నారు!) గ్లైడర్లలో తేలికపాటి పైలట్ కోసం సీసపు పలకలు పెట్టవలసి వస్తే, చాలా నమూనాల్లో వాటికంటూ బోల్టులు, చోటు ముందే ఉంటాయి. నీళ్ళనైనా సీసాన్నైనా గచ్చులో భాగం చేశారు. మనమూ చేయవలసింది అదే.

ప్లైవుడ్ పెట్టె ఒకటి, సామాను అరకు సరిపోయే కొలతలతో, మూతతో చేయించండి. సంచులు అందులో సందు లేకుండా ఇరకాలి. సందు మిగిలితే చెక్క ముక్కలతో నింపాలి. పెట్టెను కట్టవలసింది పలుచని గచ్చు రేకుకు కాదు, సీటు బెల్టులు బిగించిన గట్టి బిందువులకు, లేదా నమూనా గీసినవారు సామాను కట్టడానికి చూపిన బిందువులకు. పట్టీలు ముందుకు పోనివ్వనివి, వెనక్కి పోనివ్వనివి, పైకి లేవనివ్వనివి విడివిడిగా ఆలోచించాలి. పైకి అన్నది అందరూ మరిచేది. రాట్చెట్ పట్టీ మీద రెండు అంకెలు ఉంటాయి, తెగే బరువు ఒకటి, వాడకానికి అనుమతించిన బరువు మరొకటి. రెండోది మొదటిదానిలో మూడో వంతు. మన లెక్క రెండో అంకెతోనే. బిగించాక మిగిలిన పట్టీ కొసను వేలాడనివ్వకండి. స్టిక్‌కో పెడల్‌కో చుట్టుకోవడానికి అది చాలు.

కింద గచ్చు సంగతీ ఉంది. సీసం నీటికంటే 11 రెట్లు బరువు. అరచేతి వెడల్పున 40 కిలోలు నిలబెట్టవచ్చు. గచ్చు రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు. పెట్టె అడుగు వెడల్పుగా ఉండి బరువును పంచాలి. సామాను అరకు గీసినవారు పెట్టిన హద్దు, ఎంత ఉంటే అంత, నిలుపుబరువుకూ వర్తిస్తుంది.

పక్క సీట్లో తప్పదనుకుంటే అక్కడి స్టిక్‌ను ముందు ఊడదీయండి. చాలా విమానాల్లో అది ఒక బోల్టు పని. సంచుల్ని సీటులో పేర్చి, ప్రయాణికుడి దూరాన్నే లెక్కలో వేసేయకండి. మనిషికి తొడలూ కాళ్ళూ ముందుకు ఉంటాయి. సంచుల కుప్ప వీపు దగ్గర కూర్చుంటుంది. దాని మధ్యబిందువును టేపుతో కొలవాలి. సంచి మీద 50 అని అచ్చువేసినా కాటా మీద పెట్టి తూచి, పడిన అంకెను మీద రాయాలి. తడిసిన ఇసుక ఇంకో బరువు.

పదార్థం ఎంపికలోనూ బుద్ధి వాడాలి. ఇసుకకు రెండు సంచులు, ఒకదానిలో ఒకటి. చిరిగి కారిన ఇసుక గచ్చు కిందికి దిగి కడ్డీల కీళ్ళలో చేరితే ఆ విమానాన్ని శుభ్రం చేసేటప్పటికి పుణ్యకాలం గడుస్తుంది. తుపాకీ గుళ్ళకు వాడే సీసపు పూసలు 25 పౌండ్ల సంచుల్లో దొరుకుతాయి, చిన్న చోటులో ఇముడుతాయి. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. వ్యాయామశాల ఇనుప చక్రాలు మధ్యలో కన్నంతో బోల్టు బిగించడానికి అనువైనవే, కానీ దిక్సూచికి దగ్గర పెడితే ఉత్తరం ఎటో అది చెప్పదు. సగం నింపిన నీళ్ళ డబ్బాలు వద్దే వద్దు. విచిటా సంగతి పైన రాశాను. ఇటుకలు, సిమెంటు దిమ్మలు తెచ్చేవారితో నేను మాట్లాడను.

ఇదంతా అయ్యాక, బరువు ఎక్కించి, పందిరి మూసి, పైలట్ తన సీట్లో కూర్చుని, స్టిక్‌ను నాలుగు మూలలా చివరి దాకా తిప్పాలి, పెడల్స్ రెండు కొసల దాకా తొక్కాలి. ఖాళీ విమానంలో తిప్పి చూశాను అంటే కుదరదు. బరువు ఒక్కసారిగా వెనక హద్దుకు తీసుకుపోకూడదు. ముందు వైపు నుంచి మొదలుపెట్టి, ప్రతి ఎగురుడుకూ కొంచెం కొంచెంగా జరుపుతూ, ప్రతిసారీ విమానం చెప్పింది రాసుకుంటూ పోవాలి. దిగాక మూత తీసి చూడాలి. పట్టీ ఎంత వదులైందో, సంచి ఏ పక్కకు ఒరిగిందో, ఇసుక గింజ ఎక్కడైనా మెరుస్తోందో చూసి, అదీ రాసుకోవాలి. తర్వాతి ఎగురుడుకు ముందు మళ్ళీ మొదటి నుంచి బిగించాలి.

మా మిత్రుడి విమానం నిండు బరువు పరీక్ష ఇంకా మిగిలే ఉంది. ప్లైవుడ్‌కు కొలతలు పంపమని నిన్న రాత్రి ఫోను చేశాడు. ఆయన సామాను అర కొలతలు నా దగ్గర లేవు, టేపు పట్టుకుని శనివారం వస్తానన్నాను.